అమ్మ వింటోంది, అన్నయ్య కేసంటున్నాడు

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. అందులో సంగతి క్లుప్తంగా ఇది.

ఆవిడ తండ్రి హైస్కూల్లో తెలుగు మాస్టారు. ఇంట్లో అందరూ పడుకున్నాక కూర్చుని రాసుకునేవారట. మూడు నవలలు వచ్చాయి. మొదటి రెండూ వారపత్రికల్లో సీరియల్స్‌గా నడిచి 1979లో, 1986లో పుస్తకాలయ్యాయి. మూడోది 1999లో నేరుగా పుస్తకంగానే వచ్చింది. 2009లో మాస్టారు పోయారు. అప్పటికే పుస్తకాలు షాపుల్లో దొరకడం మానేశాయి.

పోయిన సంక్రాంతికి పక్కింటావిడ "మీ నాన్నగారి నవల యూట్యూబ్‌లో వింటున్నానండీ" అన్నప్పుడు ఈ సంగతి మొదటిసారి తెలిసింది. వెతికితే మూడు చోట్ల మూడు రకాలుగా కనిపించాయి. ఒక చానెల్లో ఒకావిడ మొదటి నవలను నలభై ఒక్క భాగాలుగా చదివారు. ప్రతి భాగం మొదట్లో మాస్టారి పేరు చెప్పి మరీ చదివారు. ఇంకో చానెల్లో రెండో నవలకు పేరు మార్చి, రచయిత పేరు లేకుండా, కంప్యూటర్ గొంతుతో పెట్టారు. ముగింపు కూడా మార్చేశారు. నవల్లో ఇల్లు విడిచి వెళ్లి సొంత కాళ్ల మీద నిలబడిన అమ్మాయి, ఆ వీడియోలో తిరిగొచ్చి భర్తను క్షమించమని అడుగుతుంది. మూడోది, ఫోన్లలో పుస్తకాలు పంచుకునే ఒక గ్రూపు. అందులో మూడు నవలల స్కాన్ కాపీలూ ఉన్నాయి. రచయిత పేరున్న పేజీలు తీసేసి గ్రూపు ముద్ర వేశారు.

డల్లాస్‌లో ఉన్న అన్నయ్య "అందరి మీదా పోలీసు కేసు పెట్టు, ఖర్చు నేను చూసుకుంటా" అంటున్నాడు. ఎనభై ఒక్కేళ్ల అమ్మ మాత్రం రోజూ రాత్రి ఆ మొదటి చానెల్ పెట్టించుకుని వింటోంది. "ఇన్నేళ్లకు మీ నాన్న మాటలు వింటున్నానే, ఎవరినీ ఏమీ అనకండి" అంటోంది. ఆ చదివినావిడకు మెసేజ్ పెడితే, తాను కుట్టుమిషన్ మీద బతుకుతున్నానని, చిన్నప్పుడు అద్దెకు తెచ్చుకుని చదివిన నవల అని, తప్పయితే తీసేస్తానని జవాబు వచ్చింది. ఇంతలో పాత పబ్లిషర్ గారి అబ్బాయి ఫోన్ చేసి, "సర్వహక్కులూ మావే, ఆడియో కూడా మాదే, మీరు ఎక్కడైనా ఫిర్యాదు చేస్తే మీ మీదే కేసు వేస్తాం" అన్నాడు.

"ఊరుకుంటే నాన్నకు ద్రోహం చేసినట్టుంది. కేసు పెడితే నాన్నను మళ్లీ ఎవరూ తలుచుకోకుండా చేసినదాన్ని అవుతానేమో. నిద్ర పట్టడం లేదు మేడమ్. అసలు మాకు హక్కుందా? ఉంటే ఏం చేయాలి?" అని ముగించారు.

అమ్మా, మీరు పంపిన కాగితాల జిరాక్సులతో సహా అన్నీ చదివాను. ముగ్గురినీ మీరు ఒకే గాటన కట్టేశారు. మీ టెన్షన్‌లో సగం అక్కడే ఉంది. చట్టం కూడా వాళ్లను ఒకే గాటన కట్టదు, మీరూ కట్టనక్కర్లేదు.

ముందు హక్కు సంగతి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. రచయిత జీవించినన్నాళ్లూ, ఆయన పోయిన తర్వాతి సంవత్సరం నుంచి లెక్కేసి అరవై ఏళ్లూ హక్కు ఉంటుంది. మొదట్లో అది యాభై ఏళ్లే. 1941లో పోయిన రవీంద్రనాథ్ టాగూర్ రచనల మీద హక్కు 1991తో ముగిసిపోతుందనగా పదేళ్లు పెంచారు. మీ నాన్నగారు 2009లో పోయారు కనుక 2069 డిసెంబరు దాకా ఆ నవలలకు యజమానులున్నారు. వీలునామా లేదన్నారు కాబట్టి ఆ యజమానులు మీ అమ్మగారు, అన్నయ్య, మీరు. ముగ్గురివీ సమాన వాటాలు. రిజిస్ట్రేషన్ చేయించలేదే అని బాధపడ్డారు. అది తప్పనిసరి కాదు. రాసిన క్షణంలోనే హక్కు పుడుతుంది. కావాలంటే ఇప్పుడైనా ఆన్‌లైన్‌లో నవలకు 500 రూపాయలు కట్టి చేయించుకోవచ్చు, సాక్ష్యంగా పనికొస్తుంది.

వారపత్రికలో వేశారు కనుక హక్కు పత్రికదేనేమో అని మీ అనుమానం. కాదు. పత్రికలో జీతానికి పనిచేసే ఉద్యోగి రాసినా, ఆ పత్రికకు వచ్చే హక్కు పత్రికల్లో వేసుకోవడం వరకే. మీ నాన్నగారు బయటి నుంచి రాసి పంపిన మాస్టారు. హక్కు పూర్తిగా ఆయనదే.

ఇక పబ్లిషర్ గారి అబ్బాయి బెదిరింపు. మిమ్మల్ని ఎక్కువ భయపెట్టింది ఇదే అని మీ ఉత్తరంలోనే తెలుస్తోంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. మీరు పంపిన వాటిలో మొదటి రెండు నవలల తాలూకు కాగితాలు అసలు ఒప్పందాలే కావు, రసీదులు. 1986 నాటి దాని మీద "మొదటి ముద్రణ రెండు వేల ప్రతులకు గాను" ఇంత ముట్టినది అని ఉంది, కింద మీ నాన్నగారి సంతకం ఉంది. మన దగ్గర చాలా కాలం నవలల వ్యాపారం ఇలాగే నడిచింది, ముద్రణకు ఇంత అని. ఆ రెండు వేల ప్రతులు అచ్చేసుకోవడానికి ఇచ్చిన అనుమతి అది. హక్కు శాశ్వతంగా రాసిచ్చారని చెప్పాలంటే రచయిత సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి. నోటిమాట చాలదు. అలాంటి కాగితం ఉంటే చూపించాల్సింది ఆయన. ఫోన్‌లో వాదించకండి. "మీ దగ్గరున్న ఒప్పందం కాపీ పంపగలరు" అని ఒక్క వాక్యం రిజిస్టర్డ్ పోస్టులో రాయండి.

మూడో నవలది వేరే కథ. 1999 నాటి టైపు కాగితం మీద "సర్వహక్కులు" అని నిజంగానే ఉంది. ఆ మాట చూసే మీరు డీలా పడ్డారు. కానీ ఎన్నేళ్లకు అన్నది అందులో లేదు. 1994 సవరణ ప్రకారం, కాలపరిమితి రాయకుండా హక్కు రాసిస్తే అది ఐదేళ్లకే ఇచ్చినట్టు లెక్క. ఆ సవరణ 1995లో అమల్లోకి వచ్చింది, మీ కాగితం 1999ది. అంటే 2004లోనే హక్కు మీ నాన్నగారికి తిరిగి వచ్చేసింది. ఆ సంగతి తెలియకుండానే ఆయన వెళ్లిపోయారు, నాకు బాధగా ఉంది.

ఒక జాగ్రత్త. 2012లో చట్టానికి పెద్ద సవరణ వచ్చింది. ఒప్పందం నాటికి వ్యాపారంలో లేని కొత్త మాధ్యమాలకు, ఒప్పందంలో ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప, పాత రాతకోతలు వర్తించవని అందులో చేర్చారు. ఇది చదివి ఎవరైనా "1979లో యూట్యూబ్ లేదు కదా, ఇంక వాళ్లకేం హక్కు" అని మీకు ధైర్యం చెప్పవచ్చు. ఆ సవరణ అంతకు ముందటి ఒప్పందాలకు కూడా పనిచేస్తుందని గ్యారంటీగా తీసుకోకండి. మీ బలం ఆ రసీదుల్లోనే, కాలపరిమితి లేని ఆ టైపు కాగితంలోనే ఉంది. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వకండి. మరొక మాట, ఆధారం లేకుండా కాపీరైట్ కేసు వేస్తామని బెదిరించేవాళ్ల మీద, ఆ బెదిరింపులు ఆపించమని కోర్టుకు వెళ్లే హక్కు 60వ సెక్షన్ మీకు ఇస్తోంది. వెళ్లమని నేను అనడం లేదు. కానీ ఆ సంగతి తెలిసి ఉంటే ఈసారి ఫోన్ మోగినప్పుడు మీ గొంతు వణకదు.

ఇప్పుడు కుట్టుమిషన్ ఆవిడ. నిజం నిజంగానే చెప్పాలి, ఆవిడ చేసింది ఉల్లంఘనే. పదిమందిలో నవలలో కొంత భాగం చదివి వినిపించడానికి చట్టం ఒప్పుకుంటుంది. మొత్తం నవల రికార్డు చేసి లోకానికి వినిపించడానికి రచయిత తాలూకు అనుమతి కావాలి. అభిమానంతో చదివినా, పేరు చెప్పి చదివినా, పైసా రాకపోయినా అంతే. మీరు పంపిన కామెంట్ల ఫొటోల్లో ఒకటి నన్ను ఆపేసింది. చూపు పోయిన ఒక రిటైర్డ్ టీచర్, ముప్పై ఏళ్ల తర్వాత ఈ నవల మళ్లీ "చదివాను" అని రాయించారు. చూపు లేనివాళ్ల కోసం పుస్తకాన్ని వాళ్లకు అందే రూపంలోకి మార్చి ఇస్తే అది ఉల్లంఘన కాదని 2012 సవరణలోనే చేర్చారు. ఇదే విషయం మీద 2013లో మరకేష్‌లో అంతర్జాతీయ ఒప్పందం జరిగితే, దాన్ని అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. అయితే ప్రకటనలతో నడిచే, ఎవరైనా వినగలిగే చానెల్‌కు ఆ మినహాయింపు గొడుగు పట్టదు.

మరి తీయించేయాలా? తీయించవచ్చు. ఆవిడ ఒక్క మాట చెబితే తీసేస్తానన్నారు. యూట్యూబ్‌కు ఫిర్యాదు పెట్టే అవసరం కూడా రాదు. దాంతో మీ అమ్మగారి రాత్రులు ఖాళీ అవుతాయి, ఆ టీచర్ గారికి పుస్తకం మళ్లీ మూతపడుతుంది.

లేదా అనుమతి ఇవ్వవచ్చు. కాపీరైట్ అంటే ఆపే హక్కు అనే అందరం అనుకుంటాం. సరే అనే హక్కు కూడా అదే, మన షరతుల మీద సరే అనడం. ఒక పేజీ కాగితం చాలు. ఏ నవల, ఏ చానెల్లో, ఎన్నేళ్లు, మొదట్లో పేరు ఎలా చెప్పాలి, ఒక్క వాక్యం కూడా మార్చకూడదు, ఇంకెవరికీ ఇవ్వకూడదు, ప్రకటనల డబ్బు వస్తే అందులో మీకేమైనా వాటా కావాలా వద్దా. ఎన్నేళ్లో తప్పకుండా రాయండి, మీ నాన్నగారి పబ్లిషర్ చేసిన పొరపాటు మీరు చేయకండి. దీనివల్ల ఆవిడకూ ఒక లాభం ఉంది, అది ఆవిడకు చెప్పండి. అనుమతి లేకుండా చేసిన రికార్డింగుకు మన చట్టం కాపీరైట్ ఇవ్వదు. రేపు ఎవరైనా ఆవిడ నలభై ఒక్క భాగాలూ ఎత్తుకెళ్లి తమ చానెల్లో పెట్టుకుంటే, నా రికార్డింగు అని అడిగే దారి ఈరోజు ఆవిడకు లేదు. మీ కాగితం తీసుకుని కొత్తగా చదివి రికార్డు చేస్తే దానికి ఆ రక్షణ వస్తుంది. ఆవిడ కష్టానికి అది మీరిచ్చే గౌరవం.

మూడో దారి, మీ అన్నయ్య చెప్పింది. ఇక్కడ నేను కొంచెం గట్టిగా మాట్లాడాలి. తెలిసి ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. అది వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన, నాన్‌బెయిలబుల్ నేరం అని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే మీరు స్టేషన్లో ఇచ్చే కాగితంతో ఆ కుట్టుమిషన్ ఇంటి ముందు జీపు ఆగవచ్చు. ఒకసారి కదిలాక ఆ బండిని మీరు ఆపలేరు. మీ అన్నయ్యకు కోపం రావడం న్యాయమే. కాకపోతే ఆయన ఆ కామెంట్లు చదివి ఉండరు. అవన్నీ ఆయనకు పంపండి.

రెండో చానెల్ విషయంలో మాత్రం నేను మీ అన్నయ్య పక్షాన ఉన్నాను. అనుమతి లేకుండా వాడుకోవడం ఒక తప్పు. పేరు చెరిపేయడం, ఆ అమ్మాయిని మళ్లీ గుమ్మంలోకి తెచ్చి క్షమాపణ చెప్పించడం అంతకంటే పెద్ద తప్పు. 1986లో అలాంటి ముగింపు రాయడానికి ఆయనకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో మీకు తెలుసు. ఆ సీరియల్ వస్తున్నప్పుడు ఇంటికి వచ్చిన తిట్ల ఉత్తరాల గురించి మీరే రాశారు. చట్టంలో 57వ సెక్షన్ ఇలాంటి వాటి కోసమే ఉంది. కాపీరైట్ అమ్మేసుకున్నా సరే, రచన తనదని చెప్పుకునే హక్కు, తన పేరు ప్రతిష్ఠలకు భంగం కలిగేలా మార్చకుండా అడ్డుకునే హక్కు రచయితకు మిగిలే ఉంటాయి. ఆయన తర్వాత వారసులు వాటిని వాడుకోవచ్చు. కాబట్టి పబ్లిషర్ ఏ కాగితం చూపించినా ఈ విషయంలో మాట్లాడే హక్కు మీ చేతిలోంచి పోదు.

ఏం చేయవచ్చు? దగ్గరి దారి యూట్యూబ్ వాళ్ల ఫారం. అందులో వెంటనే తీసేయమని అడగవచ్చు, లేదా అవతలి వాళ్లు తమంతట తామే తీసుకోవడానికి ఏడు రోజులు గడువు ఇవ్వవచ్చు. వెంటనే తీయిస్తే చానెల్‌కు స్ట్రైక్, అంటే యూట్యూబ్ వాళ్ల హెచ్చరిక, పడుతుంది. తొంభై రోజుల్లో మూడు పడితే చానెలే పోతుంది. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు అవతలి వాళ్లకు తెలుస్తుంది, దానికి సిద్ధపడండి. వాళ్లు ఎదురు నోటీసు ఇస్తే మీరు కోర్టుకు వెళ్లినట్టు చూపించాలి, లేదంటే వీడియో తిరిగి రావచ్చు. ఇంకో దారి మన చట్టంలోనిదే. వెబ్‌సైటుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే 36 గంటల్లో దాన్ని అందకుండా చేయాలని 2013 నిబంధనలు చెబుతున్నాయి. కానీ ఆ ఫిర్యాదులో, బాధ్యుల మీద దావా వేసి 21 రోజుల్లోగా కోర్టు ఆర్డరు తెస్తానని మీరు హామీ రాయాలి. ఆర్డరు తేకపోతే వాళ్లు మళ్లీ పెట్టేసుకోవచ్చు. దావా వేసే ఉద్దేశం ఉంటేనే ఈ దారి పట్టండి. వేయాలనుకుంటే ఆ చానెల్ ఏ ఊరిదైనా మీరు హనుమకొండ జిల్లా కోర్టులోనే వేయవచ్చు, ఆ వెసులుబాటు చట్టం ఇచ్చింది. దేనికైనా ముందు వీడియోల లింకులు, తేదీలు, వ్యూస్ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి దాచండి. తీసేశాక సాక్ష్యం దొరకదు.

ఇక స్కాన్ కాపీల గ్రూపు. ఇది అన్నిటికంటే మొండిది. ఒకటి మూయిస్తే రేపు ఇంకో పేరుతో తెరుస్తారు. అయినా వాళ్లు ఎవరికీ దొరకరన్నది నిజం కాదు. పోటీ పరీక్షల పుస్తకాలు రాసే ఒక టీచర్ వేసిన కేసులో 2022 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు, కాపీలు పంచుతున్న చానెళ్ల వెనక ఎవరున్నారో చెప్పమని టెలిగ్రామ్ యాప్ కంపెనీని ఆదేశించింది. మా సర్వర్లు సింగపూర్‌లో ఉన్నాయి, అక్కడి ప్రైవసీ చట్టం ఒప్పుకోదు అన్న వాదన నిలబడలేదు. ఆ తర్వాత అడ్మిన్ల పేర్లు, ఫోన్ నంబర్లు కోర్టు ముందుకు వచ్చాయి. రచయిత పేరు లాంటి హక్కుల వివరాలను తెలిసి తెలిసి తీసేయడం కూడా 2012 నుంచి విడిగా నేరమే, రెండేళ్ల దాకా శిక్ష ఉంది. అయితే దీని వెంట పడితే లాయరు ఫీజులూ, మీ ఏళ్లూ కరుగుతాయి. నన్నడిగితే గ్రూపు అడ్మిన్‌కూ, ఆ యాప్ ఫిర్యాదుల అధికారికీ ఒక నోటీసు ఇచ్చి, అంతకంటే ఎక్కువ శక్తి పుస్తకాన్ని సక్రమంగా బయటికి తేవడం మీద పెట్టండి. దొరకని పుస్తకం కోసమే జనం అక్కడికి పోతారు. కొద్ది కాపీలు అచ్చేయించినా, ఈ-బుక్ పెట్టినా, ముందుమాట మీరు రాసినా, ఆ ముద్ర వేసిన స్కాన్‌కు గిరాకీ తగ్గుతుంది.

మూడు నవలలూ అందరికీ ఉచితంగా వదిలేద్దామా అని కూడా ఒకచోట రాశారు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు, అంటే రచనను ఎవరైనా వాడుకోవచ్చని ముందే ఇచ్చే అనుమతులు, 2002 నుంచి ఉన్నాయి. వాటితో అది సాధ్యమే. కానీ ఒకసారి వదిలితే వెనక్కి తీసుకోలేరు. మార్పులకు, వ్యాపారానికి ఒప్పుకునే రకం ఉంది, ఒప్పుకోని రకం ఉంది. ఆన్‌లైన్ ఉచిత గ్రంథాలయం తెలుగు వికీసోర్స్‌లో పెట్టాలంటే మొదటి రకమే కావాలి. మొదటి నవలకు అది బాగానే ఉండవచ్చు. రెండో నవలకు మాత్రం, ఆ ముగింపు గొడవ తేలేదాకా ఆగమంటాను.

రేపు ఎవరైనా ఏఐతో నాన్న శైలిలో కొత్త నవల రాయిస్తే అన్న మీ భయం గురించి ఒక్క మాట. శైలికి కాపీరైట్ లేదు, రాసిన వాక్యాలకే ఉంది. ఏఐకి నేర్పించడానికి ఆ వాక్యాలు వాడుకోవడం ఉల్లంఘనా కాదా అన్నదే 2024 నవంబరులో చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ మీద ఏఎన్ఐ వార్తాసంస్థ ఢిల్లీ హైకోర్టులో వేసిన దావాలో ప్రశ్న. ప్రస్తుతానికి మీరు ఇచ్చే ప్రతి అనుమతి కాగితంలోనూ "ఏఐ శిక్షణకు, కంప్యూటర్ గొంతుకు వాడరాదు" అని ఒక లైను చేర్చండి.

వీటిలో ఏది చేసినా మీరు ఒక్కరే సంతకం పెట్టకండి. అనుమతి ఇవ్వాలన్నా, పుస్తకం వేయించాలన్నా ముగ్గురూ పెట్టాలి. డల్లాస్ నుంచి అన్నయ్య మీకు ఒక ఆథరైజేషన్ పంపితే చాలా పని తేలికవుతుంది. అమ్మగారిని "ఎవరినీ ఏమీ అనకండి" అన్న మాట దగ్గరే వదిలేయకండి. ఆవిడ విన్నది మొదటి చానెల్ ఒక్కటే. రెండో నవల ముగింపు మార్చారని ఆవిడకు ఇంకా చెప్పలేదని రాశారు. చెప్పండి. మూడో వంతు హక్కు ఆవిడది, ఆ నవల రాస్తున్న రాత్రులు పక్కన ఉన్నదీ ఆవిడే.

మీ ఇంట్లో ఉన్న రెండో నవల కాపీలో చివరి పేజీలు చిరిగిపోయాయన్నారు. అసలు ముగింపు ఏమిటో చూపించకుండా 57వ సెక్షన్ మాట ఎత్తలేరు కనుక ముందు ఆ పని చూడండి. హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది, వేటపాలెంలో 1918 నుంచి సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. రెండు చోట్లా పాత తెలుగు పత్రికలు దాచారు. ఏ వారపత్రికో మీకు తెలుసు, ఏ సంవత్సరమో తెలుసు. ఫోన్ చేసి ఆ సంచికలు ఉన్నాయేమో కనుక్కుని వెళ్లండి. దొరికితే సీరియల్ ఆఖరి వారం కాపీ, పత్రిక పేరూ తేదీ కనిపించేలా ఫొటోలు తీసుకోండి. ఒక ప్రతి అమ్మగారికి చదివి వినిపించండి.